మన కథలలోని స్త్రీలు: స్వాతంత్ర్యము, పరాధీనత

గత సంవత్సరము శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము, బడి గంట కొట్టిన పిమ్మట, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తండ్రి మా గదికి వచ్చెను. మగ్గముల కార్ఖానాలో పగటి పాళి ముగించుకొని నేరుగా వచ్చినట్లున్నాడు. చొక్కాపై నూలుపీచు ఇంకను అంటియే ఉన్నది. చేతిలో మన గ్రంథాలయపు కథల పుస్తకము. కూర్చుండుమన్నను కూర్చుండక, "పెద్ద సారూ, పిల్లలతోటి ఇసొంటి కథలు ఎందుకు చదివిపిస్తున్నరు? పెండ్లాము మొగనికి చీటి రాసిపెట్టి పుట్టింటికి పోయిందట. రేపు అత్తగారింట్ల మా పిల్ల గిట్లనే చేస్తే మాకేం మొగము?" అని అడిగెను.

ఆ కథ గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు". 1910లో ప్రకటింపబడినది. వంద సంవత్సరములు దాటిన కథ ఒక తండ్రిని అలసిన దేహముతోనే బడికి రప్పించినది గదా అని మాకు ముందుగా సంతోషమే కలిగినది. ఆ మాట ఆయనతో అనలేదు. ఆయన అడిగినది నిజమైన ప్రశ్న. కథలలోని స్త్రీ భర్తను కాదని నిలిచినచో, అది చదివిన పిల్ల ఏమి నేర్చుకొనును? ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నొసగలేదు. ఇప్పుడు తీరికగా వ్రాయుచున్నాము. అదే సందేహము మనసులో నుంచుకొని అడుగక ఊరకున్న తల్లిదండ్రులు మరికొందరు ఉందురని మా నమ్మకము.

తెలుగులో నవల పుట్టిన నాటినుండియు ఈ సంగతి మన రచయితలను వదలలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి "రాజశేఖర చరిత్రము" 1878లో వెలువడనారంభించినది. అందు రుక్మిణి అను యువతి కలదు. ఆమె భర్త దేశాంతరమున మరణించెనని వదంతి పుట్టును. కుటుంబము కష్టముల పాలై దారి పట్టును, దొంగలు మీదపడుదురు, రుక్మిణి మరణించెనని అందరు తలంతురు. కాని ఆమె బ్రదికి, మగవేషము ధరించి, మగపేరు పెట్టుకొని తిరుగును. ఆ వేషములో నున్నంత కాలము ఆమె ధైర్యమునకు కొదవలేదు, తెలివికి కొదవలేదు. చిన్నతనములో మేము ఈ ఘట్టమును వేడుకకై చదివితిమి. ముదిమి వచ్చుచుండగా చదివినప్పుడు వేరొకటి తోచినది. ఆ ధైర్యము, ఆ తెలివి వేషముతో రాలేదు గదా! అవి ముందునుండియు రుక్మిణివే. కాని ఒంటరిగా దారి నడచుటకు ఆమె పురుషుని బట్టలు అరువు తెచ్చుకొనవలసి వచ్చినది. 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిన పంతులుగారు సైతము, తన నవలలోని ఆడపిల్లను ఆడపిల్లగానే బాటవెంట నడిపింపలేకపోయిరి. నాటి లోకమట్టిది.

ఇక మన మహారాష్ట్రమున నివసించు తెలుగువారికి విశేషముగా దగ్గరైన ఒక రచయిత్రిని గూర్చి చెప్పవలెను. ఆమె భండారు అచ్చమాంబగారు. 1874లో జన్మించి 1905లో గతించినారు. ముప్పది యేండ్లకు మించిన ఆయువు లేదు. బాల్యముననే వివాహమైనది. బడికి పోయిన వారు కారు. భర్త ఉద్యోగము నాటి మధ్యపరగణాలలో. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నాగపురమున చదువుకొన్నారు. అనంతర కాలమున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిన మహనీయుడాయనయే. ఆ తమ్ముని చదువు ప్రక్కన కూర్చుండి అక్క చదువు నేర్చినది. తెలుగునాటికి దూరముగా, పరభాషల నడుమ ఉండి, తెలుగుతోపాటు హిందీ, మరాఠీలు కూడ సంపాదించి, ప్రసిద్ధ స్త్రీల చరిత్రలను "అబలా సచ్చరిత్ర రత్నమాల" అను పేర తెలుగున కూర్చినది. పరరాష్ట్రమున నుండి మన పిల్లలకు తెలుగు నిలుచునా అని అధైర్యపడు వారికి ఈమె పేరొక్కటి చెప్పిన చాలునని మా ఉద్దేశము. తెలుగులో మొదటి కథ "దిద్దుబాటు" అని మేము బాల్యములో వల్లించితిమి. అంతకు ఎనిమిదేండ్లకు ముందే అచ్చమాంబగారి కథలు అచ్చైనవని నేడు అనేకులు చెప్పుచున్నారు.

ఆమె వ్రాసిన "ధనత్రయోదశి" 1902లో "హిందూసుందరి" పత్రికలో వచ్చినది. కథ జరుగునది బొంబాయిలో. వెంకటరత్నము ఒక సేటువద్ద పనిచేయు పేద ఉద్యోగి, భార్య విజయలక్ష్మి. దీపావళి పండుగ వచ్చినది, ఊరంతయు వెలుగులు, ఇంట మాత్రము చిల్లిగవ్వ లేదు. భర్త యజమాని సొమ్ము తస్కరించి తెచ్చును. తనకొరకు కాదు, ఆలుబిడ్డల పండుగకొరకే. విజయలక్ష్మి ఆ సొమ్మును ముట్టదు. దానిని తిరిగి ఇచ్చివేయవలెనని భర్తకు నచ్చజెప్పి, పాపమునుండి మరల్చును.

ఈ కథను మేము ఎనిమిదవ తరగతికి చెప్పునప్పుడెల్ల ఒక ప్రశ్న వేయుదుము: ఈ ఇంట ఎవరు ఎవరిపై ఆధారపడినారు? పిల్లలు మొదట, అన్నము తెచ్చువాడు భర్త గనుక భార్యయే ఆధారపడినదందురు. ఆ మాట నిజమే. విజయలక్ష్మికి తనదని ఒక రూపాయి లేదు. కాని కొంచెము సేపటికి ఎవరో ఒకరు లేచి, "ఆమె లేకుంటే ఆయన జైలుకు పోతుండె" అందురు. అప్పుడు తరగతిలో మాటలు పెరుగును. మేము ఆపము. భర్త తెచ్చినదే తినవలసిన ఇల్లాలు, ఆ తెచ్చినది తగినది కాదని చెప్పగలుగుట సామాన్యమైన పని కాదు. ఆకలితో నున్న ఇంట వచ్చిన సొమ్మును తిరిగి పంపుమనుటకు ఎంత గుండె కావలెనో మన కార్ఖానాల కాలనీలలోని తల్లులకు మేము వివరింపనక్కరలేదు. ఆమె ఇల్లు విడువలేదు, భర్తను దూషింపలేదు. మంచిచెడ్డలు నిర్ణయించుకొను హక్కు మాత్రము తనయొద్దనే ఉంచుకొన్నది.

అచ్చమాంబగారిదే మరియొక చిన్న రచన "స్త్రీవిద్య". అది భార్యాభర్తల సంభాషణ. భర్త కారాగారమునకు వెళ్లవలసియున్నది. నీవు చదువు నేర్చియుండినచో ఈ ఎడబాటున ఒకరికొకరము ఉత్తరములు వ్రాసికొందుము గదా అని ఆతని వాదము. ఆడవారికి చదువెందుకని, లోకము చెప్పు కారణములన్నియు భార్యయే చెప్పును! వ్రాసినది స్త్రీ గనుక ఆ కారణములు ఆమె చెవిని ఎన్నిమారులు పడియుండునో ఊహింపవచ్చును. ఇక్కడ చదువు ఉద్యోగమునకు కాదు, సభలలో ఉపన్యసించుటకు కాదు. తన భర్త వ్రాసిన ఉత్తరమును తానే చదువుకొనుటకు. కోరిక ఇంత చిన్నది. ఆ కాలమున అదియే పెద్దది.

ఉత్తరము మాట వచ్చినది గనుక మా అనుభవము నొకటి చెప్పుదుము. మేము ఉపాధ్యాయులుగా చేరిన తొలి సంవత్సరములలో, అనగా 1990 తరువాత, మన పేటలో ఇంటింట ఫోనులు లేవు. నల్లగొండ, కరీంనగరము, పాలమూరు జిల్లాలలోని పుట్టిండ్లకు ఉత్తరములు వ్రాయించుకొనుటకు తల్లులు ఆదివారము మా గుమ్మము చెంతకు వచ్చుచుండిరి. వారు చెప్పుదురు, మేము వ్రాయుదుము. "అందరము క్షేమము" అనునది మొదటి వాక్యము. అంతియే చివరి వాక్యము కూడ. నడుమ వానలను గూర్చి, ధరలను గూర్చి, ఎవరి పెండ్లిని గూర్చియో నాలుగు మాటలు. ప్రక్కన బావగారో మరిదియో నిలిచియుండును. పరాయి మగవాడు వ్రాయగా, ఇంటి మగవాడు వినుచుండగా, ఆమె ఇంకేమి చెప్పగలదు?

ఒక ఆదివారము అట్లే క్షేమసమాచారము వ్రాయించుకొనిపోయిన ఒక తల్లి, మరునాడు నాలుగవ తరగతిలోనున్న కూతురిచేత మడిచిన కాగితము పంపెను. పైన చిరునామా మాత్రము వ్రాయుమని కోరిక. కాగితము మడత సరిగా పడక తెరచుకొన్నది. పెన్సిలుతో, వంకర అక్షరములతో, ఒత్తులు తప్పి, తల్లి చెప్పగా బిడ్డ వ్రాసిన రెండు పంక్తులు: తన్ను కొట్టుచున్నారనియు, అన్నను పంపుమనియు. మేము చిరునామా వ్రాసి, తపాలా బిళ్ల అంటించి, స్వయముగా పెట్టెలో వేసితిమి. రెండు వారములలో అన్న వచ్చెను. ఆ పిల్లకు బదిలీపత్రము మేమే వ్రాసి ఇచ్చితిమి. తెలుగు వ్రాతలో ఆ పిల్లకు ఆ త్రైమాసిక పరీక్షలో నూటికి ముప్పదియెనిమిది మార్కులు వేసియుంటిమి. ఆ సంఖ్య నేటికిని మాకు గుర్తున్నది.

ఇప్పుడు "దిద్దుబాటు"లోని కమలినిని చూడుడు. భర్త గోపాలరావు రాత్రి ప్రొద్దుపోవువరకు వేశ్యల పాటకచేరీలలో గడిపి వచ్చును. ఇంట భార్య లేదు. బల్లపై ఉత్తరమున్నది. తన ఉనికియే భర్త చెడుటకు కారణమైనచో తాను పుట్టింటికి పోవుటయే మేలని అందు వ్రాసినది. ఇంటి నౌకరు రాముడు ఈ కష్టమునకంతటికి ఆడువారి చదువే కారణమని తీర్పు చెప్పును. (మా గదికి వచ్చిన తండ్రి కూడ ఇంచుమించు ఇదే చెప్పెను, అప్పారావుగారు ఆయనను వంద యేండ్లకు ముందే చూచినట్లున్నది.) గోపాలరావు పశ్చాత్తాపపడును. అంతలో మంచము క్రిందినుండి నవ్వు వినబడును. కమలిని ఎక్కడికిని పోలేదు!

ఆ తండ్రి కథను చివరివరకు చదువలేదు. కూతురు చెప్పగా సగము విన్నాడు. కమలిని ఇల్లు విడిచిన స్త్రీ కాదు. ఇల్లు నిలుపుకొన్న స్త్రీ. ఆమెకున్న ఆయుధము ఒక్క కాగితపు ముక్క. అరవలేదు, ఏడువలేదు, పెద్దమనుషులను పిలువలేదు. ఎదుట నిలిచి చెప్పిన భర్త వినడు. అక్షరములో చెప్పినది వినక తప్పలేదు, ఏలయన అక్షరముతో వాదించుటకు ఎదుట మనిషి లేదు.

ఐనను ఈ కథపై మాకొక అసంతృప్తి కలదు, దాచనేల? కమలిని ఉపాయము ఫలించుటకు రెండు సంగతులు కలిసివచ్చినవి. ఒకటి, గోపాలరావు మనసు పూర్తిగా చెడలేదు. రెండు, ఆమెకు పుట్టిల్లున్నది. పోయినదన్న మాట నమ్మదగినదిగా ఉన్నది. భర్తకు సిగ్గు లేకున్నను, పుట్టింట ఆదరణ లేకున్నను, ఆ ఉత్తరము చిత్తుకాగితమే అయ్యెడిది. అనగా కమలిని స్వాతంత్ర్యము కూడ సగము భర్త మంచితనముపై, సగము తండ్రి ఇంటిపై ఆధారపడియున్నది. చదువు ఆమెకు నోరిచ్చినది. కాలు మోపుటకు చోటు మాత్రము ఇయ్యలేదు.

ఆ చోటును గూర్చి అప్పారావుగారు తమ "కన్యాశుల్కము"లో ఆలోచించిరి. అది నాటకమైనను ఇచ్చట చెప్పక తీరదు. బుచ్చమ్మ బాలవితంతువు, తండ్రి సొమ్ము పుచ్చుకొని ముసలివానికి కట్టబెట్టిన పిల్ల. గిరీశము తీయని మాటలు చెప్పి ఆమెను లేవదీసికొనిపోవును. ఆమె దాటినది తండ్రి గడప. చేరినది ఒక వంచకుని చేతులలోనికి. వివాహము చేసికొందునన్న వాడు దొరికెను గదా, కథ సుఖాంతమైనదని మరియొక రచయిత ముగించియుండును. అప్పారావుగారు అట్లు చేయలేదు. సౌజన్యారావు పంతులుగారు ఆమెను పూనాలోని వితంతువుల ఆశ్రమమునకు పంపుటకు ఏర్పాటు చేయుదురు. చదువుకొని, తరువాత తన మేలు తానే నిర్ణయించుకొనును. పూనా అనగా మన షోలాపురమునుండి రైలులో కొన్ని గంటల ప్రయాణము. పండిత రమాబాయి శారదాసదనము 1889లో బొంబాయిన ఆరంభమై మరుసటి సంవత్సరము అక్కడికే తరలినది; కార్వేగారు వితంతువులకు ఆశ్రమము స్థాపించినదియు అక్కడనే, 1896లో. విజయనగరమున కూర్చున్న తెలుగు కవికి, ఒక తెలుగు వితంతువు తండ్రిమీదను మగనిమీదను ఆధారపడక నిలుచు చోటు కావలసివచ్చినప్పుడు, మహారాష్ట్ర దేశము గుర్తునకు వచ్చినది. మనము ఆ దేశముననే ఉన్నాము. మన పిల్లలకు ఆ చోటు రైలెక్కి వెదుకనక్కరలేదు. వీధి చివరనే బడి ఉన్నది.

కాని మన ఇండ్లలో ఒక తికమక ఉన్నది. కథలలోని విజయలక్ష్మికి, కమలినికి స్వార్జితము లేదు. మన తల్లులకు ఉన్నది. ఈ పట్టణమున తెలుగు మగవారు మగ్గములపై ఎంత కాలమునుండి పనిచేయుచున్నారో, తెలుగు స్త్రీలు దాదాపు అంతకాలమునుండి బీడీలు చుట్టుచున్నారు. చాటలో తునికాకు, ప్రక్కన పొగాకు, చేతిలో కత్తెర; వంట నడుమ, బిడ్డ ఏడ్పు నడుమ వేళ్లు ఆగవు. మగ్గము ఆగిన నెలలలో ఇల్లు నడపినది ఆ వేళ్లేనని ఎన్నో కుటుంబములలో మేము ఎరుగుదుము. మరి సంపాదించు స్త్రీ స్వతంత్రురాలు కావలెను గదా? కొన్ని సంవత్సరముల క్రిందట ఆరవ తరగతి బాలిక యొకతె, తల్లి లెక్కపుస్తకమును బడికి తెచ్చి, గణితోపాధ్యాయునిచే కూడికలు సరిచూపించుకొన్నది. ఇచ్చిన బీడీలకు, వ్రాసిన బీడీలకు వారమునకు అయిదారు వందల వ్యత్యాసము కనబడినది. తల్లి నిత్యము వేలు లెక్కపెట్టి చుట్టును. ఒక్క అంకె చదువలేదు. చుట్టునది ఆమె, వ్రాయునది ఒకడు, పైకము తెచ్చునది మరియొకడు. కార్ఖానా పేరు మాకక్కరలేదు. పిల్ల పుస్తకము చూపి నిలదీసిన తరువాత లెక్క సరియైనదని మాత్రము తెలిసినది.

కనుక మాకు తోచినదేమనగా, చదువు లేని సంపాదన ఒక విధమైన పరాధీనత, సంపాదన లేని చదువు మరియొక విధమైన పరాధీనత. ఏడవ తరగతి కాగానే, "పిల్ల చేతికి పని వచ్చింది, ఇంక బడెందుకు?" అని మాన్పించు తల్లిదండ్రులు ఆ లెక్కపుస్తకమును ఒక్కమారు తలచుకొనవలెను. ఇప్పుడు ఉత్తరములు లేవు, చేతిఫోనులున్నవి గదా అందురు. ఫోను ఎవరి జేబులో ఉన్నది? బ్యాంకునుండి వచ్చిన సందేశమును మీ ఇంట ఎవరు చదివి చెప్పుచున్నారు? ఆదివారము మా గుమ్మము చెంత నిలిచిన తల్లుల స్థితి అంతగా మారినదని మేము అనుకొనుట లేదు.

చలముగారి "మైదానము"ను గూర్చి ఒక మాట. 1927 నాటి ఆ నవలను మేము బడి గ్రంథాలయమున పిల్లల బీరువాలో నుంచలేదు. ఉపాధ్యాయుల బీరువాలో నున్నది. చలముగారు ఒకప్పుడు హోస్పేటలో ఉపాధ్యాయులుగాను, పిమ్మట పాఠశాలల పర్యవేక్షకులుగాను పనిచేసినవారే. పిల్లల బీరువా సంగతిలో మమ్ము క్షమింతురని ఆశ. అందు రాజేశ్వరి ప్లీడరు భార్య; సుఖముగా గడచిపోవు ఇంటిని విడిచి, ప్రేమించినవానితో వెళ్లిపోవును. తెలుగునాట దుమారము లేచినది. స్త్రీకి శరీరమున్నది, దానికి వ్యాయామమీయవలె, మెదడున్నది, దానికి జ్ఞానమీయవలె నని వాదించిన ఆయన ధైర్యమును మేము గౌరవింతుము. కాని రాజేశ్వరి ఒక పురుషుని నీడనుండి మరియొక పురుషుని నీడకే నడచినదని మా అభిప్రాయము. ఆమెకు స్వేచ్ఛయనగా ఎవరితో నుండవలెనో ఎంచుకొనుట. ఎవరును లేకున్న ఎట్లుండవలెనను ప్రశ్న ఆమెకు చివరకు గాని ఎదురు కాలేదు. మిత్రులు కొందరు ఈ మాటకు ఒప్పుకొనరు. చదివిన పెద్దలు తమకు తోచినది మాకు చెప్పుదురు గాక.

మా గదికి వచ్చిన తండ్రి సంగతి మిగిలినది. ఆనాడు వాదన వలన ప్రయోజనము కనబడక, పుస్తకమును తిరిగి ఆయన చేతనే పెట్టి, "కథ సగమే విన్నారు. ఇంటికి తీసికొనిపోయి, రాత్రి భోజనమైన తరువాత పిల్లచేత చివరివరకు చదివించుడు. తల్లిని కూడ కూర్చుండబెట్టుడు. అప్పటికిని తప్పని తోచినచో మరల రండు" అని చెప్పితిమి. ఆయన గొణుగుకొనుచు వెళ్లెను. పది దినములు గడచినవి, ఆయన రాలేదు. పుస్తకమును రాలేదు. పదునొకండవ నాడు పిల్లను పిలిచి అడిగితిమి. నాయనకు ఆ కథ అయిపోయినదట. ఇప్పుడు అమ్మ తక్కిన కథలు చదివించుకొనుచున్నదట, బీడీలు చుట్టుచు, రోజున కొకటి చొప్పున. ఇంకను నాలుగు కథలున్నవి, గడువు పెంచుదురా అని పిల్ల అడిగినది. పెంచితిమి.